కొంగల బండ మీద మా ఇంటి పేరు

దయ్యాల ముచ్చట ఎవలన్న చెప్తే నవ్వేటోన్ని నేను. నా బతుకే గసొంటిది. కృష్ణ రేవుల పుట్టి పడవ నడిపిన మనిషిని. పెండ్లోళ్లను దాటిచ్చిన, పీనుగులను దాటిచ్చిన. కాష్టం ఇంకా కాలుతుండంగనే పక్కన ఇసుకల గొంగడి పరుచుకొని పండిన. ఏ దయ్యం వచ్చి నన్ను లేపలే. మాకు భయమంటే సుడిగుండం, మొసలి, ఎగువ నించి చెప్పకుంట వచ్చే ఏరు. గంతే.

గందుకే ఇది దయ్యం కత అని నేను అనను. ఏమనాల్నో గూడ నాకు తెల్వది. పట్టపగలు, పొద్దు నడినెత్తిన ఉండంగ, ఇంకో ఇద్దరు మనుషులు నా పుట్టిల కూసోనుండంగ జరిగింది. జరిగింది జరిగినట్టు చెప్త.

మా ఊరు కొల్లాపురం దిక్కు, కృష్ణకు ఈ ఒడ్డున ఉంటది. అప్పట్ల ఈ ఒడ్డు నిజాం రాజ్యం, ఆ ఒడ్డు ఇంగ్లీషోళ్ల రాజ్యం. నడుమ ఏరు. ఆ ఏరు దాటిచ్చే రేవు మాది. పుట్టి అంటే వెదురుబద్దలు పెద్ద తట్ట లెక్క అల్లి, మీద బర్రెతోలు కప్పిన గుండ్రటి పడవ. దానికి ముందు లేదు, ఎనక లేదు. తెడ్డు పట్టినోని చెయ్యే దానికి దిక్కు. మా తాత నడిపిండు, మా నాయిన కుర్మయ్య నడిపిండు, నేను నడిపిన. నా పేరు తిర్పతయ్య. మా ఇంటి పేరు అద్దరి.

ఆ ఇంటి పేరే మా మెడకు చుట్టుకున్నది.

పెద్ద లడాయి నడుస్తున్న దినాలు అవి. ఈ రాజ్యం గింజలు ఆ రాజ్యానికి పోవద్దని సర్కారు బందోబస్తు పెట్టింది. రేవుల మీద అందరి కన్ను పడ్డది. అదను చూసి పక్క ఊరి గుత్తేదారు ఒకడు తాలూకా కచేరిల దరఖాస్తు పెట్టిండు. కల్లు గుత్త, అడివి గుత్త పట్టి బలిసినోడు. రేవు గుత్త గూడ కావాలె ఆయనకు. దరఖాస్తుల రాయించింది ఒక్కటే మాట. అద్దరి అంటే అవుతలి ఒడ్డు, ఈ పుట్టోళ్ల ఇంటి పేరే అద్దరి, అంటే వీళ్లు ఇంగ్లీషు రాజ్యం మనుషులు, సరిహద్దు రేవు పరాయోళ్ల చేతిల ఉండొద్దు అని.

ఎంత తెలివిగ రాయించిండో సూడుండ్రి. గింజలు దొంగతనంగ దాటిచ్చినమని రాస్తే సాక్షం తేవాలె. ఇంటి పేరుకు సాక్షమెందుకు? అడిగితే మేమే చెప్పుకుంటిమి గద.

నాయిన, నేను కచేరికి పోయినం. తాసీల్దారు ఒక ముసలి సాయిబు. చెడ్డోడు కాదు, మాట తక్కువ. ఈ రేవు మీదేననెటందుకు ఏం సాక్షం, ఏం సబూతు ఉందని నాయినను అడిగిండు. తాతల ముత్తాతల సంది నడుపుతున్నమని నాయిన చెప్పిండు. కాయిదం ఉందా అంటే లేదు. సర్కారు ముద్దరున్న సనదు ఉందా అంటే లేదు. వానలు తెచ్చే మిరుగు కార్తె ఎల్లేలోపల ఏదన్న సబూతు తెస్తే సూస్త, తేకుంటే రేవు గుత్తకు పోతది, మీరు గుడిసె ఖాళీ చేసి అవుతలి ఒడ్డుకు పోవాలె అన్నడు.

అవుతలి ఒడ్డున మాకెవలున్నరు? జాగ లేదు, చుట్టం లేడు. మనుషులను దించి తిరిగొచ్చుడే గని, ఆ ఒడ్డున మేం ఒక్క పూట ఎసరు పెట్టినోల్లం గాదు.

ఇంటికి రాంగనే నాయిన గోడకున్న పాత తెడ్డు దించిండు. అది ఏట్ల వేసే తెడ్డు కాదు, దసరనాడు బొట్టు పెట్టి మొక్కే తెడ్డు. నల్లగ, ఇనుము లెక్క గట్టిగ ఉంటది. పిడి కింద ఇత్తడి పట్టీ, పట్టీ మీద అచ్చరాలు. మా ఇంట్ల సదువు వచ్చినోల్లు లేరు గని, ఆ అచ్చరాల రూపు నాకు చిన్నప్పటి సంది ఎరుకే. బొట్టు పెట్టినప్పుడల్ల వాటి మీద ఏలు తిప్పేటోన్ని. మొదటి అచ్చరం ముడుచుకొని పండిన కుక్కపిల్ల లెక్క ఉంటది.

ఊళ్ల సొంతంగ ఖానగీ బడి నడిపే పంతులుకు చూపించినం. పాత రాత అని చాన సేపు సూసి, ఒక్కటే మాట ఉంది, అద్దరి అని సదివిండు. ఇంకేం లేదు. ఆ ముచ్చట గుత్తేదారు దాక పోయింది. నేను చెప్పిందే ఆల్ల తెడ్డు గూడ చెప్తాంది గద అని పది మందిల నవ్విండట.

ఆనాటి నించి నాయిన తిండి తగ్గించిండు. ఒడ్డు మీద కూసోని ఏరు దిక్కు సూసుకుంట ఉంటుండె. నా పెండ్లాం చెన్నమ్మ రొట్టె తీస్కపోయి ఇస్తే ఇంత తుంచి నోట్లె ఏసుకొని, కడమది చాపలకు ఏసేటోడు. పుట్టి పని అంత నా మీదనే పడ్డది.

ఆ యేడు ఎండలు దంచినయి. ఏరు సన్నవడ్డది. నేను పుట్టినాంక ఎన్నడు సూడని బండలు బయటవడ్డయి. ఏటి నడుమ ఒక పెద్ద బండ ఉంటది. కొంగలు వాలుతయని కొంగల బండ అంటం. దాని నెత్తి ఎప్పుడు కనవడేదే. ఆ యేడు నడుము దాక తేలింది. చుట్టు మడుగు లోతు, మొసళ్లు ఎండకు పండేది గూడ ఆన్నే. అటు దిక్కు మేం పుట్టి పోనియ్యం.

ఒకనాడు ఇద్దరే ఎక్కిన్రు. గొల్ల బుడ్డయ్య, ఆయన పెండ్లాం ఎల్లమ్మ. కొత్తకోట దిక్కోల్లు. మేతకు జీవాలను తోలుకొని మా ఒడ్డుకు వచ్చిన్రు. ఆ ఒడ్డున ఎల్లమ్మ అక్కను సూడబోతున్నరు. ఎల్లమ్మ ఒడిల చిన్న మేకపిల్ల ఉంది. నేను గడతోని నూకబోతుండంగ ఒక ముసలామె వచ్చి పుట్టి ఎక్కింది.

ఎటు దిక్కు నించి వచ్చిందో నేను సూడలే. ఒడ్డంత ఉత్త ఇసుక, దాపుకు తుమ్మచెట్టు గూడ లేదు. అయిన సూడలే.

ముగ్గుబుట్ట లెక్క తెల్లటి తల. ముతక ఎర్ర చీర. నొసలు నిండ బొట్టు. కాళ్లకు చెప్పులు లేవు. ఆ యాలకు ఆ ఇసుకల ఉత్త కాళ్లతోని నడిస్తే బొబ్బలెక్కుతయి, ఆమె తీరుబాటుగ నడిచి వచ్చినట్టే ఉంది. వచ్చి, అందరు కూసునే కాడ కూసోలే. నా కాళ్ల పక్కన, తెడ్డు తిరిగే కాడ కూసున్నది. ఆడ మా ఇంటోల్లు తప్ప ఎవలు కూసోరు, తెడ్డు తాకుతది. ఆమెకు తాకలే. తెడ్డు ఎటు వస్తే దానికి ఇటు ఒదిగింది, ఏండ్ల సంది అలవాటున్నట్టు.

నడి ఏటికి వచ్చినంక నన్ను అడిగింది.

“ఎవల పిలగానివి బిడ్డా?”

కుర్మయ్య కొడుకునని చెప్పిన. ఇంటి పేరేందన్నది. ఆ పేరే గద మా బతుకును బజార్ల పడేసింది. మెల్లగ అద్దరి అన్న.

“గట్ల దొంగ లెక్క చెప్తవేంది? గట్టిగ చెప్పు. అది ఊకెనె వచ్చిన పేరు గాదు.”

గంత మాటని, కొంగల బండ దిక్కు చెయ్యి సూపి తనను ఆడ దించమన్నది. ఆడ దిగేది లేదవ్వా, లోతు, మొసళ్లుంటయి అన్న. ఎల్లమ్మ గూడ ఒద్దంది. ముసలామె ఎవల మాట ఇనలే. అది మావోల్ల జాగ అన్నది. ఏదన్న మొక్కు ఉందేమో, ఇద్దరిని దించి తిరిగొచ్చి ఎక్కించుకుంట అనుకొని పుట్టిని బండకు ఆనిచ్చిన. ఇయ్యాల అడిగితే ఎందుకు ఆనిచ్చిన్నో చెప్పలేను. మా నాయిన చెప్పినా ఆ దిక్కు పోయేటోన్ని గాదు.

ఆమె దిగింది. ఈడ ఒక ముచ్చట చెప్పాలె. పుట్టిల నించి మనిషి దిగితే పుట్టి తేలుతది. పసిపిల్లగాడు దిగినా తేలుతది. అది కండ్లతోని సూసేది గాదు, నిలవడ్డోని పాదాలకు తెలుస్తది. ఆమె నా కండ్ల ముందరనే బండ మీద కాలు పెట్టింది. నా పాదాల కింద పుట్టి ఇసుమంత తేలలే. బండ నిండ కొంగలున్నయి, ఒక్కటి లేవలే.

బుడ్డయ్యను, ఎల్లమ్మను ఒడ్డున దించి, ఎంత జోరుగ అయితే అంత జోరుగ తిరిగొచ్చిన. నేను దగ్గరికి రాంగనే కొంగలన్ని ఒక్కసారి లేచినయి. బండ మీద మనిషి లేదు.

నీళ్లల పడ్డదేమోనని పుట్టిని రాతి కొసకు కట్టి బండ ఎక్కిన. పిలిచిన. చుట్టు తిరిగిన. దిగువ దిక్కు, ఎప్పటికి నీళ్లల ఉండే పక్క ఆ యేడు ఎండకు పగిలి, పాకురు పెంకుల లెక్క ఊడిపోతాంది. కింద పడి ఉందేమోనని అటు వంగి సూసిన. వంగేటప్పుడు బండకు చెయ్యి ఆనించిన. ఏళ్లకు గీతలు తగిలినయి.

పాకురు గీకిన. ముడుచుకొని పండిన కుక్కపిల్ల.

నాకు సదువు రాదు. గని ఆ అచ్చరం, దాని పక్కన అచ్చరం, ఆ పక్కది, నా ఏలుకు తల్లి మొకం ఎరుకైనంత ఎరుక. మా తెడ్డు మీదున్న పేరే అది. ఇంకింత గీకిన. కింద వరుసలకు వరుసలు రాత ఉంది. ముసలామె సంగతి ఆ గడియ మర్చిపోయిన, అవద్దం ఎందుకు చెప్పాలె. పుట్టిని ఇప్పి ఇంటికి దౌడు తీసిన. నాయినను చెయ్యి పట్టి లేపిన. మన పేరు బండ మీద ఉందే అన్న. నాయిన నా మొకం సూసిండు. వచ్చి పుట్టి ఎక్కిండు. బండ కాడ ఆ అచ్చరాల మీద అరచెయ్యి పెట్టి అట్లనే కూసున్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు నేను సూసుడు అదే మొదలు.

ఆ పొద్దుమూకేలోపల రెండు ఒడ్డులు ఎతికినం. ఏ ఊళ్లె ఏ ముసలామె తప్పిపోలే. ఏ శవం తేలలే. మళ్లొచ్చేటప్పుడు బుడ్డయ్యను, ఎల్లమ్మను అడిగిన, ఒక ఆడమనిషి దిగింది గద అని. దిగింది, మేమే గద ఒద్దంటిమి అన్నరు. గంతే మాట. తెల్లారి జీవాలను తోలుకొని ఎల్లిపోయిన్రు.

పంతులు రెండు దినాలు ఆ బండ మీద గొడుగు పట్టించుకొని కూసోని సదివిండు. చెన్నమ్మ బొగ్గు నూరి ఇస్తే అచ్చరాలల్ల పూసి కాయిదం మీద ఎక్కించుకున్నడు. ఆయన తేట తెలుగుల మాకు చెప్పింది ఇది. ఏనాటి కాలంలనో పెద్ద ఏరు వచ్చింది. ఈ ఒడ్డున ఉన్న ఊరు మునిగిపోతుంటే ఒకాయన పుట్టి ఏసి జనాన్ని ఒక్కొక్కరిని అద్దరికి చేర్చిండు. ఏలే దొర ఆయనను పిలిచి, ఇద్దరి, అంటే ఈ ఒడ్డు జనాన్ని అద్దరికి చేర్చినోడు గనుక నీ పేరు అద్దరి అని పెట్టి, ఈ రేవు నీది, నీ పిల్లలది అని బండ మీద చెక్కించిండు. ఇంకో మాట గూడ ఉంది. ఇదే మాట రాగిరేకు మీద రాసి అవుతలి ఒడ్డు మఠంల పెట్టించినమని.

మఠం ఇంకా ఉంది. చిన్నది, పైకప్పు కురుస్తది. ఆడి పూజారి జంగమయ్యకు మేం చెప్పింది కొత్త ముచ్చటే. రేకులైతే ఉన్నయి, ఎవలు సదవరు అని దేవుని పెట్టె ముందర పెట్టిండు. బట్టలు, విభూతి పండ్లు తీసినంక అడుగున మూడు నాలుగు రేకులు మసిబట్టి ఉన్నయి. చింతపండుతోని తోమితే ఒకదాని మీద మా పేరు ఎలిగింది. నేను పంతులు కంటె ముందు గుర్తువట్టిన.

కచేరిల గుత్తేదారు ఊకోలే. బండ మీద ఆల్లే చెక్కుకున్నరు, రేకు ఇంగ్లీషు రాజ్యం నించి తెచ్చిందే గద అన్నడు. తాసీల్దారు అంత ఇని, నేను వచ్చి నా కండ్లతోని సూస్త అన్నడు. మిరుగు దగ్గరవడ్డది. ఎగువల వానలు మొదలైనయని ముచ్చట. ఏరు రోజుకింత ఉబ్బుతాంది.

వస్తనన్ననాడు పొద్దుగాల్నించి ఊరంత ఒడ్డు మీద కూసున్నది. తాసీల్దారు రాలే. గుత్తేదారు తొవ్వల ఆపి తన ఇంట్ల దావతు పెట్టిండని తెలిసింది. ఎంత ఆలిశమైతే అంత నీళ్లెక్కుతయని ఆయనకు ఎరుకే. పొద్దు వాలుతుండంగ వచ్చిన్రు, ఎనక గుత్తేదారు. అప్పటికే కొత్తనీరు ఎర్రగ దిగుతాంది. బండ నడుము మునిగింది, రాతల కింది వరుసలు మునిగినయి. ఏరు గరం మీదుంది సర్కార్, రేపు పోదామని గుత్తేదారు అన్నడు.

మా నాయిన లేచిండు. నెలల సంది తెడ్డు పట్టని మనిషి నా చేతిల తెడ్డు తీసుకున్నడు.

“సర్కార్, రేపటికి ఆ మాట నీళ్లల ఉంటది. ఇయ్యాల ఎక్కుండ్రి. నేను దాటిస్త.”

తాసీల్దారు నాయిన చేతులు సూసిండు, ఏరు సూసిండు, చెప్పులిడిసి ఎక్కిండు. అందరి ముందర ఎనకకు తగ్గలేక గుత్తేదారు గూడ ఎక్కిండు. పంతులు, నేను ఎక్కినం. పాత తెడ్డు, రాగిరేకు గొంగట్ల చుట్టి నా ఒడిల పెట్టుకున్న. ఆనాడు నాయిన నడిపినట్టు మళ్ల ఎవలు నడిపింది నేను సూడలే. సుడికి ఎదురు పోకుంట, సుడినే పట్టుకొని పుట్టిని గిరగిర తిప్పి బండ సాటుకు ఇసిరినట్టు పెట్టిండు. గుత్తేదారు నా భుజం గట్టిగ పట్టుకున్నడు, నేను ఇడిపించుకోలే.

తాసీల్దారు మోకాళ్ల మీద వంగి అచ్చరాలల్ల ఏలు పెట్టి సూసిండు. గీతల లోపల సన్న నత్తగుల్లలు, రాతితోని రాయై పట్టుకొని ఉన్నయి. ఒకటి పెకిలించబోతే రాలే. నిన్నటి చెక్కుడు అయితే ఈ గుల్లలు ఎప్పుడు పుట్టినయి అని గుత్తేదారును అడిగిండు. నా దిక్కు తిరిగిండు. తెడ్డు అడిగిండు, ఇచ్చిన. రేకు అడిగిండు, ఇచ్చిన. రెండిటిని బండకు ఆనిచ్చి మూడు పేర్లు ఒక్కకాడ సూసిండు. ఆయనకు ఆ పాత తెలుగు రాదు. సదువు అక్కెర లేకపోయె. ఒక తల్లి పిల్లల లెక్క ఉన్నయి మూడు.

నీళ్లు ఆయన పాదాలను తాకుతున్నయి. లేచి నిలవడి నాయినకు చెప్పిండు.

“కుర్మయ్యా, ఇది ఒడ్డు పేరు కాదు. మీ పని పేరు.”

ఒడ్డుకు వచ్చినంక తనెంట వచ్చిన కచేరి మున్షీని పిలిచి ఆన్నే రాయమన్నడు. మున్షీ కలం పట్టి పేరు అడిగిండు. నాయిన ఎంత గట్టిగ చెప్పిండంటే అవుతలి ఒడ్డు మీదున్నోల్లు గూడ ఇటు తిరిగి సూసిన్రు. ఎవలో డప్పు అందుకున్నరు. చెన్నమ్మ బోనమెత్తినట్టు పాత తెడ్డును నెత్తిన పెట్టుకొని ఇంటి దాక నడిచింది, ఎనక ఊరంత. ఆనాడు నాయిన రొట్టె మీద రొట్టె అడిగి తిన్నడు.

తెల్లారేవరకు కొంగల బండ నెత్తి గూడ కనవడలే. మళ్ల అంత కిందికి ఏరు పోవుడు నేను సూడలే.

నిజాం రాజ్యం పోయింది, ఇంగ్లీషోళ్లు పోయిన్రు, రెండు ఒడ్డులు ఒక్కటే రాజ్యం అయినయి. రేవు మాత్రం మా చేతులల్లనే ఉండె. చాన ఏండ్లకు పనివడి కొత్తకోట సంతకు పోతే ఎల్లమ్మ కనవడ్డది. బుడ్డయ్య లేడట. నన్ను ఆమెనే గుర్తువట్టింది. ముచ్చట ముచ్చటల ఆనాటి సంగతి వచ్చింది. నేను ఇంకా ఏం అనకముందే ఎల్లమ్మ అన్నది, ఆ పిల్ల ఏమైందన్నా తర్వాత, నిండు చూలాలు గద పాపం, ఆ ఎండల ఒక్కతే బండ మీద ఎట్లుంటదని మా ఆయన ఇంటికి పోయేదాక అంటనే ఉండె అని.

ఏ పిల్ల అన్న. ఎర్ర చీర పిల్ల, ఇరువై ఏండ్లు గూడ ఉండయి, నల్లటి ఒత్తు జడ, నీ కాళ్ల కాడ కూసున్నది గద అన్నది. ముసలామె గదమ్మా అంటే నా దిక్కు ఇంతగనం సూసి నవ్వింది. నీకు వయసు మీదవడ్డది అన్నది.

ఎల్లమ్మకు నాతోని అవద్దమాడే పని లేదు. నాకు ఆమెతోని లేదు. ఒకటే పుట్టి, ఒకటే పొద్దు, చేతికందే దూరంల ముగ్గురం. ఆల్లిద్దరికి చూలాలు కనవడ్డది, నాకు తెల్లతల ముసలామె కనవడ్డది. మావోల్ల జాగ అన్నది గని, మావోల్లల్ల ఏ తరం మనిషో. దీనికి ఏం జవాబు చెప్పాల్నో నాకు ఆనాడు తెల్వలే, ఇయ్యాల తెల్వది. చెప్పేటోల్లు ఎవలన్న ఉంటే ఇంటా. సంత నించి ఇంటికొచ్చినంక మాత్రం ఒక పని చేసిన. నా మనుమరాలికి బడిల పేరు రాయించేటప్పుడు, ఇంటి పేరు పొట్టిగ ఒక్క అచ్చరం రాస్త అన్నడు సారు. ఒద్దు, పూరా రాయుమన్న.